గర్భిణికి దోమకాటు: భయపడవలసినది దేనికి?

మన దేవస్థానం ఉచిత వైద్యశాలలో ఏటా శ్రావణమాసం మొదలుకొని కార్తికమాసం ముగిసేవరకు గర్భిణులు నన్ను తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది. "డాక్టరమ్మగారూ, దోమలు విపరీతంగా ఉన్నాయి. ఒంటికి క్రీము రాసుకోవచ్చునా? కడుపులో బిడ్డకు ఏమైనా అవుతుందా?" ప్రశ్న చిన్నదే. కానీ దీనికి నేను ఒకప్పుడు చెప్పిన సమాధానం సరియైనది కాదు. ఆ సంగతి ముందుగా మీ ఎదుట ఉంచి, ఆ తరువాతనే ఈ వ్యాసం కొనసాగించడం న్యాయమని భావిస్తున్నాను.

ఇది జరిగి చాలా సంవత్సరాలైంది. అప్పటికి నేను ఉద్యోగంలోనే ఉండి, సెలవు దినాలలో మాత్రమే ఇక్కడికి సేవకు వచ్చేదాన్ని. ఒక శ్రావణ శుక్రవారం నాడు ఆరవ నెల గర్భిణి అయిన ఒక అమ్మాయి, అత్తగారితో కలిసి దర్శనం చేసుకొని వైద్యశాలకు వచ్చింది. చేతిసంచిలోంచి దోమలను తరిమే క్రీము తీసి చూపించి, రాసుకోవచ్చునా అని అడిగింది. దాని మీది అక్షరాలు నేను చదవనైనా చదవలేదు. "కడుపుతో ఉన్నదానివి, నీకు రసాయనాలెందుకమ్మా? సంధ్యవేళ తలుపులు మూసి వేపాకు పొగ వేసుకో, చాలు" అన్నాను. "నేనూ అదే చెబుతున్నానమ్మా, వింటేగా!" అని అత్తగారు సంతోషించారు.

భాద్రపదం చివరిలో ఆ అమ్మాయికి డెంగీ జ్వరం వచ్చింది. ఎనిమిదవ నెల నిండకముందే ప్రసవమైంది. తల్లికి రక్తం ఎక్కించవలసి వచ్చింది. బిడ్డ కిలోన్నర బరువైనా లేదు. నెల రోజులకు పైగా ఆసుపత్రిలో వెచ్చని పెట్టెలో ఉంచి కాపాడారు. భగవంతుని దయవలన ఇద్దరూ దక్కారు. ఆ బిడ్డకు అన్నప్రాశన చేయించడానికి వారు మళ్లీ ఇక్కడికే వచ్చినప్పుడు, ఆ అమ్మాయి నా బల్ల మీద ప్రసాదం పెట్టి, "నేను పొగ సరిగా వేసుకోలేదేమోనమ్మా" అన్నది. నన్ను నిందించి ఉంటే ఇంతగా గుర్తుండేది కాదేమో. తప్పు తనదని ఆమె అనుకున్నది.

ఆనాడు క్రీము రాసుకోమని చెప్పి ఉంటే ఆమెకు జ్వరం వచ్చేదే కాదని ప్రమాణం చేయలేను. కానీ డెంగీని మోసే దోమ కుట్టేది పగటిపూట. నేను చెప్పిన పొగ సాయంకాలానిది. పైగా ఏ క్రీమును నేను వద్దన్నానో దాని గురించి జరిగిన పరిశోధన అప్పటికే అచ్చయి ఉన్నది. నేను చూడలేదు, అంతే. ఆ తరువాత చదివినదీ, చూచినదీ కలిపి ఇక్కడ వ్రాస్తున్నాను.

గర్భిణినే ఎందుకు ఎక్కువగా కుడతాయి?

"నా రక్తం తియ్యన, అందుకే నన్నే కుడతాయి" అని మన ఇళ్లలో అనుకోవడం పరిపాటి. దోమకు రక్తం రుచి దూరం నుంచి తెలియదు. మనం విడిచే ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు, ఒంటి వేడి, చెమట వాసన, ఈ మూడింటిని పట్టుకొని అది మనిషిని వెదకుతుంది. ఆఫ్రికాలోని గాంబియా దేశంలో గర్భిణులను, గర్భం లేని స్త్రీలను పక్కపక్క గుడిసెలలో దోమతెరల కింద పడుకోబెట్టి, ఎవరి వద్దకు ఎన్ని దోమలు చేరుతున్నాయో లెక్కించారు. 2000 సంవత్సరంలో ఆ ఫలితాలు ప్రకటించారు. గర్భిణుల వద్దకు మలేరియా దోమలు దాదాపు రెండింతలు వచ్చాయి. నెలలు నిండుతున్న గర్భిణి ఇతరులకంటే ఐదో వంతు ఎక్కువ గాలి విడుస్తుందనీ, ఆమె పొట్ట చర్మం సుమారు 0.7 డిగ్రీలు ఎక్కువ వెచ్చగా ఉంటుందనీ వారు గమనించారు. ఇద్దరి కోసం ఊపిరి పీల్చే తల్లిని దోమ ముందుగా గుర్తుపడుతుందన్నమాట. దీనికి తోడు రాత్రివేళ లఘుశంకకు రెండు మూడు సార్లు తెర దాటి లేవవలసి రావడం మరొక కారణం.

దోమకూ మలేరియాకూ గల సంబంధం రుజువైనది మన నేల మీదనే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు, రోగిని కుట్టిన దోమ కడుపును కోసి చూచి అందులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఇంత చరిత్ర గల చోట నివసిస్తూ, దోమ అంటే ఒకటే జాతి అని నేటికీ మనలో చాలామంది అనుకోవడం విచిత్రంగా ఉంటుంది.

మనం ముఖ్యంగా తెలుసుకోవలసినవి మూడు. మలేరియాను మోసే అనాఫిలిస్ దోమ రాత్రి కుడుతుంది. మురుగునీటిలో పుట్టే క్యూలెక్స్ దోమ కూడా రాత్రిదే. మనకు నిద్ర లేకుండా చేసేది ఎక్కువగా ఇదే, బోదకాలు వ్యాపింపజేసేదీ ఇదే. మూడవది ఈడిస్. నల్లని ఒంటి మీద, కాళ్ల మీద తెల్లని చారలుంటాయి. డెంగీ, చికున్‌గున్యా, జికా ఈ మూడింటినీ మోసేది ఇదే. ఇది పగటి దోమ. తెల్లవారిన తరువాత రెండు మూడు గంటలు, మళ్లీ సూర్యాస్తమయానికి ముందు రెండు మూడు గంటలు దీనికి మంచి ఆకలి. చెవి దగ్గర పెద్దగా రొద చేయదు. మంచాల కింద, బల్లల కింద, వేలాడే బట్టల వెనుక నక్కి ఉండి చీలమండల వద్ద, మోకాలి వెనుక కుడుతుంది. అభిషేకం చూడడానికి తెల్లవారుజాముననే వచ్చి క్యూలో నిలిచి, తెల్లవారిన తరువాత కూడా అక్కడే ఉన్న గర్భిణికి ఎదురయ్యేది ఈ దోమే.

గర్భిణికి మలేరియా వస్తే, ముఖ్యంగా ఫాల్సిపేరం రకమైతే, క్రిమి సోకిన రక్తకణాలు మాయలో గుమిగూడుతాయి. బిడ్డకు ఆహారం అందే దారి అది. తల్లికి రక్తహీనత, బిడ్డ తక్కువ బరువుతో పుట్టడం, గర్భస్రావం, మృతశిశువు జననం, ఇవన్నీ దానివలన కలిగే ప్రమాదాలు. డెంగీ గర్భిణిలో తీవ్రరూపం దాల్చే అవకాశం ఎక్కువ. నెలలు నిండకముందే కాన్పు రావచ్చు, కాన్పులో రక్తస్రావం ఎక్కువ కావచ్చు. ప్రసవ సమయానికి తల్లి రక్తంలో డెంగీ గానీ చికున్‌గున్యా గానీ ఉంటే బిడ్డకు కూడా సోకవచ్చు. జికా సంగతి 2015లో బ్రెజిలులో ప్రపంచమంతా చూచింది: తల్లికి జ్వరం వచ్చిందో రాలేదో తెలియనంత స్వల్పంగా ఉండి, బిడ్డ తల చిన్నదై పుట్టింది. మన దేశంలో కూడా 2021లో కేరళలోను, కాన్పూరులోను, 2024లో పూనేలోను జికా కనిపించింది. ఇది భార్యాభర్తల కలయిక ద్వారా కూడా సోకుతుంది గనుక, ఆ వ్యాధి ఉన్న ప్రాంతానికి భర్త వెళ్లివచ్చినా వైద్యులకు తెలియజేయాలి.

క్రీము విషయం

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. దోమలను దూరంగా ఉంచడానికి చర్మం మీద రాసుకునే మందులలో ప్రపంచమంతటా ఎక్కువ కాలంగా వాడుకలో ఉన్నది డీట్ అనే పదార్థం. ఇది దోమను చంపదు. మన వాసనను దోమకు అంతుపట్టకుండా చేస్తుంది. థాయ్‌లాండ్, బర్మా సరిహద్దులో 897 మంది గర్భిణులపై జరిపిన పరీక్ష 2001లో ప్రచురితమైంది. అక్కడి స్త్రీలు మనం పసుపు, గంధం పూసుకున్నట్లుగా తనకా అనే చెట్టు బెరడు అరగదీసి పూసుకుంటారు. కొందరికి ఆ తనకాలో 20 శాతం డీట్ కలిపి, మరికొందరికి వట్టి తనకా ఇచ్చి, నాలుగవ నెల నుంచి కాన్పు వరకు ప్రతిరోజూ వాడించారు. పుట్టిన పిల్లల బరువులోను, ఏడాది వయసు వచ్చేవరకు వారి పెరుగుదలలోను రెండు పక్షాల మధ్య తేడా కనిపించలేదు. తల్లులకు కూడా చెప్పుకోదగిన ఇబ్బంది కలగలేదు.

మొదటి మూడు నెలల గురించి ఇంతటి పెద్ద పరీక్ష లేదు. అయినప్పటికీ హాని జరిగిందనడానికి ఆధారం కూడా లేదు. అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ కేంద్రం, అక్కడ ఆమోదం పొందిన డీట్, పికారిడిన్ వంటి మందులను లేబులు మీది సూచనల ప్రకారం గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడవచ్చునని స్పష్టంగా చెబుతున్నది. మొదటి మూడు నెలలలో ఉన్నవారికి నేను చెప్పేది ఇది: ఇంట్లో ఉన్నంతసేపు తెర, జాలీ, నిండుగా కప్పే బట్టలు, వీటి మీద ఆధారపడండి. దోమలున్న చోటికి బయటకు వెళ్లక తప్పనప్పుడు క్రీము రాసుకోండి. రాసుకోకుండా కుట్టించుకోవడం కంటే అది మేలు.

మన దుకాణాలలో దొరికే క్రీములన్నీ ఒకటి కావు. కొన్నింటిలో డీట్ ఉంటుంది. కొన్నింటిలో దానికి దగ్గరి బంధువైన డైఇథైల్ బెంజమైడ్ ఉంటుంది. పేర్లు ఒకేలా వినిపించినా ఇవి రెండూ వేరు, గర్భిణులపై పరిశోధన ప్రధానంగా జరిగింది డీట్ మీద. "సహజ", "మూలికల" అని పెద్ద అక్షరాలతో ముద్రించిన డబ్బాలను చూచి అవి మరింత క్షేమమని అనుకోకండి. నిమ్మగడ్డి నూనె వంటివి అరగంట, గంట కంటే ఎక్కువసేపు నిలవవు. గర్భిణులకు అవి ఎంతవరకు క్షేమమో డీట్‌కు జరిగినంత పరీక్ష వాటికి జరగలేదు. ఏ క్రీము అయినా అందులోని మందు పేరు, శాతం, గడువు తేదీ చూచి, మీ వైద్యురాలికి ఒకసారి చూపించి వాడుకోండి.

డీట్ 20 శాతం ఉన్నది సుమారు నాలుగైదు గంటలు పనిచేస్తుంది. 10 శాతమైతే రెండు గంటలు. శాతం పెరిగితే ఎక్కువసేపు నిలుస్తుందే గానీ ఎక్కువ బలంగా పనిచేయదు. 50 శాతం దాటితే ఆ లాభం కూడా లేదు. కనుక గర్భిణికి 20 నుంచి 30 శాతం మధ్య ఉన్నది చాలు. చెమట పట్టినా, వానలో తడిసినా మళ్లీ రాసుకోవాలి.

రాసుకునే పద్ధతి కూడా ముఖ్యమే. బట్ట కప్పని చోట మాత్రమే పలుచగా రాయాలి. బట్టల లోపల, పొట్ట మీద అక్కరలేదు. చీర కట్టుకునేవారు రెండు చోట్లు మరచిపోతారు: రవికె వెనుక వీపు, నడుము. అన్నిటికన్నా ముఖ్యం పాదాలు, చీలమండలు. ముఖానికి నేరుగా పిచికారీ చేయరాదు; అరచేతిలో వేసుకొని కళ్లకు, నోటికి దూరంగా అద్దుకోవాలి. దెబ్బలున్న చోట, దద్దురున్న చోట వద్దు. ఎండ క్రీము కూడా వాడేవారు ముందు అది రాసుకొని, ఆరిన తరువాత దీనిని రాసుకోవాలి. ఇంటికి రాగానే సబ్బుతో కడిగేసుకోవాలి. ప్రసాదం పుచ్చుకునే ముందు చేతులు కడుక్కోవడం ఎలాగూ మన ఆచారమే.

పొగ విషయం

ఈ భాగం వ్రాస్తున్నప్పుడు కొందరికి కష్టం కలుగుతుందని నాకు తెలుసు. సాంబ్రాణి, వేపాకు మన ఇళ్లలో పవిత్రమైనవి. పూజలో వెలిగించే ఒక్క ధూపకడ్డీ గురించి నేను మాట్లాడడం లేదు. తలుపులు, కిటికీలు మూసి, గది నిండా పొగ పట్టించి, అందులో గర్భిణిని, ఆ తరువాత బాలింతను, పసిబిడ్డను పడుకోబెట్టే అలవాటు గురించి మాట్లాడుతున్నాను. పొగ ఉన్నంతసేపు దోమలు తగ్గే మాట నిజమే. పొగ పోగానే అవి తిరిగి వస్తాయి. కానీ ఆ పొగలోని సన్నని నలుసులు తల్లి ఊపిరితిత్తులలో నిలిచిపోతాయి. కట్టెల పొయ్యి పొగ పీల్చే గర్భిణులకు తక్కువ బరువు బిడ్డలు పుడతారని వైద్యశాస్త్రం చెబుతున్నది. వేపాకు కాల్చినా అది పొగే.

దోమల చుట్ట సంగతి మరీ చెప్పాలి. 2003లో ప్రకటించిన ఒక పరిశోధనలో, ఒక చుట్ట పూర్తిగా కాలితే వెలువడే సన్నని నలుసులు 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంతగా ఉంటాయని తేలింది. ఇంట్లో ఒక్క సిగరెట్టు వెలిగించినా "కడుపుతో ఉన్న పిల్ల ఉంది, బయటికి వెళ్లు" అని మగవారిని కసిరే అత్తగార్లే, అదే పిల్ల మంచం కింద చుట్ట వెలిగించి తలుపు మూయడం నేను చూచాను. ప్రేమతోనే. అగరుబత్తుల రూపంలో దోమల బత్తులు కూడా బజారులో అమ్ముతున్నారు. వాటిలో కొన్ని ఏ మందు కలిపారో తెలియనివి, ప్రభుత్వ ఆమోదం లేనివి. కేంద్ర క్రిమిసంహారక మందుల బోర్డు నమోదు సంఖ్య లేని వస్తువును ఇంట్లోకి తేకండి.

విద్యుత్తుతో పనిచేసే ద్రవపు సీసాల నుంచి పొగ రాదు. తప్పనిసరి అయితే, పడుకోవడానికి గంట ముందు గదిలో పెట్టి, పడుకునే వేళకు ఆపి, కిటికీ జాలీ గుండా గాలి వచ్చేలా చూచుకొని వాడవచ్చు. తలవైపు పెట్టుకొని రాత్రంతా వెలిగించడం మంచిది కాదు. పురపాలక సిబ్బంది వీధిలో పొగమందు కొట్టే వేళకు గర్భిణి లోపలే ఉండి తలుపులు మూసుకోవాలి. శబ్దంతో దోమలను తరుముతామనే పరికరాలు పనిచేయవు. ఆ డబ్బుతో ఒక మంచి తెర వస్తుంది.

కర్పూరం గురించి ఒక హెచ్చరిక. కర్పూరం నూనెలో కరిగించి దోమల కోసం కాళ్లకు, పొట్టకు రుద్దుకునేవారున్నారు. అది చర్మం ద్వారా రక్తంలోకి, అక్కడినుంచి మాయ దాటి బిడ్డ వరకు చేరగలదు. ఆ పని చేయరాదు. హారతి కళ్లకద్దుకోవడానికి దీనితో సంబంధం లేదు. అలాగే దోమలు దగ్గరకు రావని వేపనూనె, వెల్లుల్లి, ఫలానా విటమిను మాత్రలు లోపలికి పుచ్చుకోవడం వలన ప్రయోజనం లేదు. వేపనూనె అయితే గర్భిణి నోట వేసుకోనే కూడదు.

దోమతెర

నా దృష్టిలో గర్భిణికి దోమతెరను మించినది లేదు. దీనిలో ఏ సందేహమూ, ఏ శాతమూ చూడనక్కరలేదు. మన్యం గ్రామాలలో ప్రభుత్వం ఉచితంగా పంచే మందు పట్టించిన తెరలు గర్భిణులకు క్షేమకరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మలేరియా ప్రాంతాలలో గర్భిణులు వాటిలోనే పడుకోవాలని సిఫారసు కూడా చేసింది. వాటిని బండకేసి బాదకూడదు, ఎండలో ఆరవేయకూడదు. చన్నీళ్లతో, తేలికపాటి సబ్బుతో జాడించి నీడన ఆరవేస్తే సుమారు మూడేళ్లు, ఇరవై ఉతుకుల వరకు మందు నిలుస్తుంది. మామూలు తెర అయినా మంచిదే, చిరుగులు లేకుండా, అంచులు పరుపు కిందికి దోపి ఉంటే. ఒంటికి తెర తగిలేలా పడుకుంటే తెర బయటినుంచే కుట్టగలవు. పగలు భోజనానంతరం నడుము వాల్చినప్పుడు కూడా తెర దించుకోవాలన్న మాట ఎంతమందికి చెప్పినా అలవాటు కావడం లేదు. తెర అంటే రాత్రి వస్తువు అని మన మనసులో ముద్ర పడిపోయింది. డెంగీ దోమ పగటిదని మళ్లీ గుర్తు చేస్తున్నాను.

సీమంతం చేసి పుట్టింటికి పంపేటప్పుడు చీరసారెలతో పాటు ఒక మంచి దోమతెర కూడా పెట్టి పంపండి. పుట్టింటిలో తల్లి ప్రేమకు లోటుండదు గానీ, పెళ్లి అయిన తరువాత ఆ అమ్మాయి గది సామాన్ల కొట్టుగా మారి ఉంటుంది. కిటికీకి జాలీ ఉండదు. కాన్పు నాటికి కాదు, పిల్ల వచ్చే ముందే ఆ గది కిటికీలకు జాలీ బిగించమని నేను వియ్యపువారికి చెబుతుంటాను. పుట్టిన బిడ్డకు రెండు నెలలు నిండేవరకు ఏ క్రీమూ రాయకూడదు గనుక, ఆ బిడ్డకు కూడా ఆ జాలీ, ఆ తెరే దిక్కు.

యాత్రకు వచ్చేటప్పుడు

ఆలయంలో నిద్ర చేస్తామని మొక్కుకున్నవారు మండపంలో పడుకుంటారు. గర్భిణి అయితే ఆ మొక్కు ప్రసవానంతరం తీర్చుకోవచ్చునని అర్చకస్వాములు కూడా చెబుతారు, అడిగి చూడండి. తప్పదనుకుంటే మడతపెట్టే చిన్న తెర వెంట తెచ్చుకోండి. దర్శనానికి పాదరక్షలు విడవవలసిందే కనుక పాదాలకు ముందే క్రీము రాసుకోండి. మోచేతి వరకు చేతులున్న రవికె, లేత రంగు నూలు చీర మంచిది. కార్తికమాసంలో దీపాలు వెలిగించే వేళ, వనభోజనాలలో చెట్ల నీడన కూర్చునే వేళ, ఇవి రెండూ దోమలకు ఇష్టమైన వేళలే. మన్యం ప్రాంతపు క్షేత్రాలకు వెళ్లి రాత్రి బస చేసే ఆలోచన ఉన్న గర్భిణులు, ఆ యాత్రను వీలైతే వాయిదా వేసుకోవడమే నా సలహా.

కోనేటిలో దోమలు పుడుతున్నాయని యాత్రికులు కొందరు ఫిర్యాదు చేస్తుంటారు. చేపలున్న కోనేరు అంత ప్రమాదకరం కాదు. దోమపిల్లలను చేపలు తినేస్తాయి. డెంగీ దోమకు కోనేరు అక్కరలేదు, కొబ్బరిచిప్ప చాలు. కొట్టి పారవేసిన చిప్పలలో, ప్రసాదం తిని విసిరిన దొన్నెలలో, ప్లాస్టిక్ గ్లాసులలో వాన నీరు నిలిస్తే వారం పది రోజులలో దోమలు లేస్తాయి. ఈ దోమ పుట్టిన చోటికి ఎక్కువ దూరం పోదు. అంటే మిమ్మల్ని కుట్టేది చాలావరకు మీ ఆవరణలోనే పుట్టినది. ఇంట్లో అయితే తులసికోట కింది పళ్లెం, సీసాలో పెంచే మనీప్లాంటు, హాలులో పూలు వేసి ఉంచే ఇత్తడి ఉరుళి, ఫ్రిజ్ వెనుక తొట్టి, కూలరు, మూత లేని డ్రమ్ము చూడండి. నీళ్లు పారబోస్తే సరిపోదు. గుడ్లు నీటి అంచుకు పైగా గోడకు అంటుకొని, ఎండిపోయినా నెలల తరబడి బతికి ఉండి, మళ్లీ నీరు తగలగానే పొదుగుతాయి. అందుకే పీచుతో గట్టిగా రుద్ది కడగాలి. ఫ్రైడే డ్రైడే అని ఆరోగ్య శాఖవారు ప్రచారం చేస్తున్నది ఇందుకే. శుక్రవారం ఇల్లు కడిగి ముగ్గు పెట్టే మనకు ఇది కొత్త పనేమీ కాదు; కడిగే వాటిలో ఇంకో నాలుగు వస్తువులు చేర్చాలి. అయితే ఆ బరువులు ఎత్తే పని గర్భిణితో చేయించకండి.

ఇన్ని చేసినా జ్వరం రావచ్చు. గర్భిణికి జ్వరం వస్తే ఆ రోజే వైద్యులకు చూపించి, మలేరియాకు, డెంగీకి రక్తపరీక్ష చేయించాలి. అంతవరకు పారాసిటమాల్ తప్ప మరేదీ, ముఖ్యంగా యాస్ప్రిన్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు, దుకాణంలో అడిగి వేసుకోకూడదు; డెంగీలో అవి రక్తస్రావాన్ని పెంచుతాయి. ఏదైనా ఇతర కారణంతో వైద్యులే యాస్ప్రిన్ రాసి ఉంటే, ఆ సంగతి వెంటనే వారికి చెప్పి అడగండి. ప్లేట్‌లెట్లు పెరుగుతాయని బొప్పాయి ఆకు రసం తాగించడం గర్భిణి విషయంలో వద్దే వద్దు. డెంగీలో జ్వరం తగ్గిన రోజే సంబరపడకండి. అపాయం సాధారణంగా అప్పుడే మొదలవుతుంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి గానీ మరెక్కడి నుంచి గానీ రక్తం, చేతులు కాళ్లు చల్లబడడం, మూత్రం తగ్గడం, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

దాతలకు ఒక విన్నపం. అన్నదానానికి, గోశాలకు మీరిస్తున్న విరాళాలు మేమందరం చూస్తున్నాం. సత్రం గదుల కిటికీలలో చాలావాటికి ఇప్పటికీ జాలీలు లేవు. పుట్టినరోజులకు, పెళ్లిరోజులకు, పెద్దల తిథులకు ఒక గదికి జాలీ, రెండు మంచాలకు తెరలు సమర్పించదలచినవారు కార్యాలయంలో తెలియజేస్తే, అవి గర్భిణులు, పసిపిల్లల తల్లులు దిగే కింది అంతస్తు గదులకు ముందుగా బిగించవచ్చునని నేను ధర్మకర్తలకు విన్నవించాను.

గర్భిణులు వైద్యశాలకు వచ్చేటప్పుడు మీరు వాడుతున్న క్రీము, ద్రవపు సీసా, బత్తుల పెట్టె ఏదైనా సరే వెంట తీసుకురండి. ఇప్పుడు నేను కళ్లద్దాలు పెట్టుకొని, లేబులు మొత్తం చదివిన తరువాతనే సమాధానం చెబుతున్నాను.